రెడ్డెమ్మ జీపు ఇంకా దేశంలోకి రాలేదు

మా ఎర్రకనుమలో చిన్నా పెద్దా అందరూ నమ్మే మాట ఒకటి ఉంది. రెడ్డెమ్మ నడిపే జీపు రెండో ప్రపంచయుద్ధంలో బర్మా అడవుల్లో జపాను సైన్యంతో పోరాడి, కొండలూ నదులూ దాటుకుంటూ మన దేశానికి వచ్చిందన్నది ఆ మాట. దాని ఎడమ మడ్‌గార్డు మీది సొట్ట జపానువాడి తూటా దెబ్బ. వెనక సీటులో ఒక దొర కూర్చుని చుట్ట కాల్చాడు. ఆయన కర్నలా, జనరలా అన్న విషయంలో మాత్రమే భిన్నాభిప్రాయాలున్నాయి. వానాకాలంలో కొండ ఎక్కేటప్పుడు జీపు ఒకరకంగా మూలుగుతుంది. యుద్ధం గుర్తుకొచ్చి అలా మూలుగుతుందని ఊరివారు చెబుతారు.

నేను ముప్పై నాలుగేళ్ళు ఫిజిక్సు లెక్చరరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎర్రకనుమ హేతువాద మిత్రమండలికి అధ్యక్షుణ్ణి. సభ్యులం పదకొండుగురం, సమావేశానికి వచ్చేది నలుగురం. చింతతోపు బావిలో నీళ్ళు ఎర్రబడితే అది అమ్మవారి ఆగ్రహం కాదని, గట్టు మీది అద్దకం షెడ్డు కాలువ అని నిరూపించింది మేమే. గడ్డివాములు వాటంతట అవి అంటుకుంటే, తడి గడ్డిలో వేడి ఎలా పుడుతుందో థర్మామీటరు పెట్టి చూపించింది మేమే. జీపు విషయంలో మాత్రం నాకు ఎన్నడూ అనుమానం రాలేదు. ఆ కథలో దెయ్యం లేదు, దేవత లేదు, మహిమ లేదు. ఉన్నదంతా చరిత్ర. చరిత్రను నమ్మడానికి హేతువాదికి అభ్యంతరం ఏముంటుంది?

పైకనుమ అనే పల్లె మా ఊరికి పదకొండు కిలోమీటర్ల దూరంలో, కొండ మీద ఉంది. నూటపది గడపలు. అక్కడికి రోడ్డు ఉన్నట్లు రోడ్ల శాఖవారి పటంలో ఉంది. నేల మీద ఉన్నవి బండరాళ్ళు. బస్సు ఎక్కదు, ఆటో ఎక్కదు. ఎక్కేది కొండ కింద మా ఊరి చివర ఇంట్లో ఉండే రెడ్డెమ్మ జీపు ఒక్కటే. భర్త పోయిన తరవాత పంతొమ్మిదేళ్ళుగా ఆమే నడుపుతోంది. కుడివైపు స్టీరింగు ముందు దుప్పటి మడత వేసుకుని కూర్చుని, కుడిచేయి బయటపెట్టి మలుపుకొక కేక వేస్తే, కొండ మీది మేకలు సైతం పక్కకు జరుగుతాయి. పొద్దున పాలక్యాన్లు దిగుతాయి. నెలకోసారి రేషను బియ్యం ఎక్కుతుంది. అయిదేళ్ళకోసారి ఓటింగు యంత్రాలు ఎక్కి దిగుతాయి.

మంగళవారం, శుక్రవారం గంగిరెడ్డి దిగుతాడు. అతని రెండు కిడ్నీలూ పనిచేయవు. మా ఊరికి ఇరవై రెండు కిలోమీటర్ల అవతల పెద్దాసుపత్రిలో, వారానికి రెండుసార్లు యంత్రం మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. మా ఊళ్ళో తొమ్మిది గంటల బస్సు అందుకుంటే పదకొండుకు యంత్రం మీద అతని వంతు. ఆ వంతు తప్పితే మళ్ళీ వంతు వచ్చేదాకా అతను ఆగాలి. ఒంట్లో చేరే నీరు ఆగదు.

ఇట్లా ఉండగా నగరాల్లో పాత జీపుల మీద మోజు మొదలైంది. డబ్బున్నవారు తుక్కు దుకాణాల్లో జీపులు వెతికి కొని, రంగులు వేయించి, ఎక్కడికీ వెళ్ళకుండా ఇంటి ముందు నిలుపుకోసాగారు. మోజు ముదిరి ప్రభుత్వం దాకా వెళ్ళింది. ఫలితంగా ‘ప్రాచీన చతుశ్చక్ర చోదిత వాహన గుర్తింపు, పరిరక్షణ, గౌరవ పథకం’ పుట్టింది. నాలుగు చక్రాలూ ఇంజను బలంతో తిరిగే పాత బండిని గుర్తించి, దానికి గౌరవపత్రమూ, అరుదైన విడిభాగాలూ ఇస్తారట. మా డివిజనుకు ఒక ప్రత్యేకాధికారి వచ్చాడు. పేరు త్రివిక్రమరావు. ఖాళీగా ఉన్న పశువుల ఆసుపత్రిలో ఆయన కార్యాలయం.

రెడ్డెమ్మను దరఖాస్తు పెట్టమని ఒప్పించింది నేనే. దాచి ప్రయోజనం లేదు.

“నాకెందుకు సార్ గౌరవం?” అంది ఆమె, జీపు బానెట్టు మీద మిరపకాయలు ఆరబోస్తూ. “సీ బుక్కు ఉండాది. ఏడాదికోసారి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూస్తాండాడు. నాకు కావల్సింది క్లచ్చు ప్లేటు.”

“క్లచ్చు ప్లేటు వాళ్ళే తెప్పిస్తారమ్మా. ఇది మామూలు జీపు కాదు. చరిత్ర.”

“చరిత్రయితే సులువుగా గుట్ట ఎక్కుతాదా ఏంది?” అని నవ్వింది. “సరే, సదువుకున్నోరు మీరు. యాడ వేలిముద్ర ఎయ్యమంటే ఆడ ఏస్తా. సంతకమే వచ్చులే సార్, ఊరికే అన్నా.”

దరఖాస్తుకు నిపుణుడి ధ్రువపత్రం జత చేయాలి. ఆ నిపుణుణ్ణి నేనే అయ్యాను. జిల్లా గ్రంథాలయం నుంచి యుద్ధ వాహనాల మీద లావాటి పుస్తకం తెప్పించి, మూడు రోజులు చదివి, నా బల్ల దగ్గర కూర్చుని పన్నెండు అంశాలతో పత్రం తయారుచేశాను. నాలుగో అంశం ఇది: ‘సదరు జీపు ముందు జాలీలో నిలువు చీలికలు తొమ్మిది గలవు. ఇది యుద్ధకాలపు జీపు ప్రధాన లక్షణము.’ పుస్తకంలో అలాగే ఉంది.

తక్కిన ఆధారం సీ బుక్కు, అంటే బండి రిజిస్ట్రేషను పుస్తకం. అసలు పుస్తకం వరదలో తడిసిపోతే, ఎప్పుడో ముప్పై ఏళ్ళ కిందట కొత్తది ఇచ్చారు. ఏ కంపెనీ అని గుమాస్తా అడిగితే, రెడ్డెమ్మ మామగారు యుద్ధం బండి అన్నారట. తయారీదారు అన్న గడిలో ‘మిలిటరీ’ అని ఉంది. నా ధ్రువపత్రంలో పన్నెండో అంశంగా సీ బుక్కును ఉదహరించాను.

త్రివిక్రమరావు మమ్మల్ని కూర్చోమన్నాడు. మృదువైన మనిషి. ప్రతి కాగితాన్నీ రెండుచేతులా అందుకుంటాడు. ధ్రువపత్రం చదివి ముగ్ధుడయ్యాడు.

“అద్భుతము. శాస్త్రీయము. ఇందులో ఒక్క అక్షరమును కూడ నేను మార్చజాలను,” అన్నాడు. “ఇక ఒక్క గడి మాత్రమే మిగిలినది. దేశమునందు ప్రవేశించిన తేదీ, ప్రవేశించిన రేవు, దిగుమతి అనుమతి పత్రము సంఖ్య.”

“యుద్ధంలో అనుమతి పత్రాలు ఎవరిస్తారండీ? బర్మా నుంచి తిన్నగా వచ్చింది,” అన్నాను.

“తిన్నగా వచ్చినదని ఎవరు చెప్పుచున్నారు?”

“అందరూ.”

“అందరికిని సంఖ్య ఉండదు గదా.” ఆయన విచారంగా తల ఆడించాడు. “విదేశమునందు తయారైన వాహనమని తాము ధ్రువీకరించినారు. దేశములోనికి ప్రవేశించినట్లు పత్రము లేదు. ప్రవేశించని వాహనము దేశమునందు ఉన్నట్లు పరిగణించుటకు నాకు అధికారము లేదు.”

“బయట నిలబెట్టినా కదా సార్. కిటికీలోనుంచి చూడు, కనపడతాది,” అంది రెడ్డెమ్మ.

ఆయన చూడలేదు. “అమ్మా, కనబడుట వేరు, ప్రవేశించుట వేరు.”

నాలుగో రోజున నోటీసు వచ్చింది. సదరు వాహనము భారతదేశమునందు లేనందున దాని రిజిస్ట్రేషను నిలుపుదల చేయబడినది. దేశమునందు లేని వాహనమును దేశపు రహదారిపై నడుపుట శిక్షార్హము. దిగుమతి పూర్తియగు వరకు సదరు వాహనమును ఎవరును తాకరాదు.

రెడ్డెమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి నా చేతికిచ్చింది. “మంగళవారం చిన్నాయన్ని ఎట్ల దింపేది సార్?” అని మాత్రం అడిగింది. గంగిరెడ్డి ఆమెకు వరసకు చిన్నాయన.

మంగళవారం గంగిరెడ్డిని నులకమంచం మీద దింపారు. నలుగురు మోస్తే, నలుగురు మార్పు. తెల్లవారుజామున బయలుదేరి ఎనిమిదిన్నరకు రెడ్డెమ్మ ఇంటికి చేరారు. గంగిరెడ్డి మంచం మీద పడుకునే, నేను కనబడగానే చేయెత్తాడు.

“రాప్పా లెక్చరర్ సారూ! నన్ను బతికుండంగానే పాడె మీద తిప్పుతాండావే. ఇది కూడా సైన్సేనా?”

ఆయన నవ్వాడు. నవ్వితే ఆయాసం వచ్చింది.

మొదట నాకు తోచిన మార్గం, ఏదో ఒక రేవుకు తీసుకెళ్ళి జీపును పద్ధతి ప్రకారం దిగుమతి చేయించడం. త్రివిక్రమరావు సంతోషించాడు. కాని వెంటనే చిక్కు చెప్పాడు. రేవుకు చేరాలంటే దేశపు రోడ్ల మీద వెళ్ళాలి. దేశంలో లేని వాహనం దేశపు రోడ్ల మీద వెళ్ళరాదు.

“అట్లయితే లారీ మీద పెట్టి తోలుకపోతాం,” అంది రెడ్డెమ్మ.

“లారీ మీద ఉన్నను అది దేశమునందు ఉన్నట్లే గదమ్మా. ప్రవేశించకయే లోపల తిరుగుట యగును. అది మరింత గంభీరమైన నేరము.”

ఆయన వారం రోజులు ఆలోచించాడు. ఆ వారంలో గంగిరెడ్డి మంచం ఇంకో రెండుసార్లు దిగి ఎక్కింది. వారం తరవాత త్రివిక్రమరావు తానే మా ఇంటికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

“వాహనము రేవునకు పోజాలదు. కావున రేవే వాహనము కడకు రావలెను. పై అధికారులు అంగీకరించినారు!”

రెడ్డెమ్మ జీపు షెడ్డును ‘ఎర్రకనుమ పరిగణిత రేవు’గా ప్రకటించారు. సముద్రం మాకు నూటడెబ్బై కిలోమీటర్ల దూరం. షెడ్డు చుట్టూ పసుపు తాడు కట్టారు. ‘ఇచ్చట భారతదేశము ప్రారంభమగును’ అని ఒక బోర్డు పెట్టారు. తాడుకు ఇవతలి వైపు నుంచి చదివితే ప్రారంభమయ్యేది విదేశమనిపిస్తుందని నేను సూచించగా, రెండోవైపు కూడా రాయించారు. కదిరప్ప అనే అతన్ని రేవు కావలిగా నియమించారు. రేవన్న తరవాత ఆటుపోట్ల నమోదు పుస్తకం తప్పనిసరి కనుక అది కూడా ఇచ్చారు. పూటకొకసారి కదిరప్ప మున్సిపాలిటీ కుళాయి వైపు చూసి రాసేవాడు: ‘పోటు లేదు. ఆటు లేదు.’ కుళాయికి నీళ్ళొచ్చే రోజు మాత్రం ‘స్వల్ప పోటు’ అని రాశాడు. ఆ వివేకానికి త్రివిక్రమరావు అతన్ని మెచ్చుకున్నాడు.

రేవు నడపడంలో చిన్న చిన్న సమస్యలు వచ్చాయి. బానెట్టు మీద ఆరుతున్న మిరపకాయలు తాడుకు అవతల ఉండిపోయాయి. వాటిని ఇంట్లోకి తేవడం విదేశీ వ్యవసాయోత్పత్తిని దిగుమతి చేయడమని తేలింది. మొక్కల తెగుళ్ళ పరీక్షకు నమూనా పంపారు. ఆరు వారాల్లో నివేదిక వస్తుందన్నారు.

“నా మిరపకాయలు, నా పెరట్లో కాసినేటివి,” అంది రెడ్డెమ్మ.

“కాచినది మీ పెరడే యైనను, ఆరినది విదేశమునందు,” అన్నాడు త్రివిక్రమరావు.

ఆమె కోడి ఒకటి తాడు కిందుగా దూరి, జీపు వెనక సీటులో గుడ్డు పెట్టి వచ్చింది. కోడి పుట్టుకతో ఈ దేశపుదే అయినా, విదేశం వెళ్ళి వచ్చింది గనుక పద్నాలుగు రోజులు గంప కింద ఉంచాలన్నారు. గుడ్డు ఏ దేశానిదన్న విషయం మీద పై కార్యాలయానికి లేఖ వెళ్ళింది. ఈ రెండు సంఘటనల తరవాత తాడు ఎత్తు పదిహేను సెంటీమీటర్లు తగ్గించారు.

ఇక అసలు దిగుమతి. పాత వాహనాల దిగుమతికి రెండు షరతులు. మొదటిది, స్టీరింగు కుడివైపు ఉండాలి. త్రివిక్రమరావు తాడు ఇవతల నిలబడి తొంగిచూసి, ఉన్నదని సంతృప్తిగా గుర్తు పెట్టుకున్నాడు. అమెరికాలో తయారై యుద్ధానికి వెళ్ళిన జీపుకు కుడివైపు స్టీరింగు ఎందుకుంటుందన్న ప్రశ్న ఆయనకు రాలేదు. ఆయన పక్కన నిలబడిన ఫిజిక్సు లెక్చరరుకూ రాలేదు. రెండో షరతు, వాహనం వయసు మూడేళ్ళకు మించరాదు.

“ఎనభై ఏళ్ళు దాటినాయంటిరే మీరే,” అంది రెడ్డెమ్మ.

“వాహనము పందొమ్మిది వందల నలుబది నాల్గులో బయలుదేరినది. అప్పటికి దాని వయసు రెండేండ్లు. నేటికిని చేరలేదు. మధ్యనున్న ఎనుబది యేండ్లును ప్రయాణకాలము. ప్రయాణకాలమును వయసులో కలుపరాదని నియమము.”

ఈ తర్కంలో దోషం ఎక్కడుందో నేను రాత్రంతా వెతికాను. మొదటి వాక్యం ఒప్పుకుంటే తక్కినదంతా నిర్దుష్టంగా ఉంది. మొదటి వాక్యం నా ధ్రువపత్రంలోది.

అప్పటికి వానలు మొదలయ్యాయి. ఒక మంగళవారం మంచం దిగడం ఆలస్యమై బస్సు తప్పిపోయింది. వెతికి ఆటో పట్టుకుని ఆసుపత్రి చేరేసరికి పన్నెండయింది. యంత్రం మీద ఇంకొకరున్నారు. గంగిరెడ్డిని శుక్రవారం రమ్మన్నారు. సాయంత్రం తిరిగివచ్చాక కొండ ఎక్కించడం ఎందుకని రెడ్డెమ్మ తన ఇంటి వసారాలోనే మంచం వేయించి పడుకోబెట్టింది. కాళ్ళు అరటిబోదెల్లా ఉబ్బాయి. నిద్రపట్టేది కాదు. మంచం ఎదురుగా తాడు, తాడు అవతల జీపు.

బుధవారం పొద్దున నేను చూడబోతే ఆయన వేలు పెట్టి గాలిలో ఏదో లెక్కపెడుతున్నాడు.

“సారూ, నీ కాగితంలో ముందు జాలీకి తొమ్మిది చీలికలని రాసినావంటనే. కదిరప్ప సదివి ఇనిపించినాడు.”

“అవును.”

“నిన్నట్నుంచి లెక్కబెడతాండా. ఇటునుంచి ఏడు. అటునుంచి ఏడు. కిడ్నీలు పోయినట్ల కండ్లు గూడా పోయినాయా ఏంది? నువ్వు రోంత చూడు.”

నేను తాడు దగ్గర నిలబడి చూశాను. ఏడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఏడు. ఈ జీపును ముప్పై ఏళ్ళుగా రోజూ చూస్తున్నాను. పుస్తకం చూసి తొమ్మిదని రాసిన నాడు అది నా ఇంటికి రెండువందల గజాల దూరంలో ఉంది.

గంగిరెడ్డి నా ముఖం చూసి జాలిపడ్డాడు. “పోన్లేప్పా. నువ్వు దయ్యాలను చూసేవోడివి. జీపును చూడల్లంటే వేరే మనిషి కావల్ల.”

నేను తిన్నగా పశువుల ఆసుపత్రికి వెళ్ళి, నా ధ్రువపత్రం తప్పని, ఇది యుద్ధం జీపు కాకపోవచ్చునని, చీలికలు ఏడే ఉన్నాయని చెప్పాను. త్రివిక్రమరావు నాకు కుర్చీ చూపించాడు.

“నిపుణుల వారు తొమ్మిది అని ధ్రువీకరించినారు,” అన్నాడు.

“ఆ నిపుణుణ్ణి నేనేనండీ.”

“అప్పుడు తాము నిపుణులు. సంతకము ఉన్నది. ఇప్పుడు మాటలాడుచున్నది ఒక సందర్శకులు.” ఆయన ఫైలు తెరిచాడు. “ధ్రువపత్రము ప్రకారము తొమ్మిది. స్థలమునందు ఏడు. రెండు చీలికలు లోపించినవి. రేవు అధీనములో ఉండగా సరకు లోపించుట సామాన్య విషయము కాదు.”

“చీలిక అంటే ఖాళీ కదండీ. ఖాళీని ఎవరు ఎత్తుకెళతారు?”

“అదియే విచారణలో తేలవలెను.”

ఆ మధ్యాహ్నం కదిరప్పను ప్రశ్నించారు. రెండు ఖాళీలు ఎప్పటి నుంచి కనబడటం లేదో చెప్పమన్నారు. “నేను డూటీలో చేరినప్పటికే లేవు సార్,” అని అతను నిజం చెప్పాడు. ఆ నిజాన్ని కూడా ఫైలులో చేర్చారు. అయితే ఖాళీల విచారణ వేరు, దిగుమతి వేరు. మొదటిదాని కోసం రెండోది ఆపనక్కరలేదని త్రివిక్రమరావు ఉదారంగా అన్నాడు. ఇక మిగిలింది ఆఖరి మెట్టు, పెన్సిలు ముద్ర. చాసిస్ నంబరు మీద పల్చని కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే నంబరు కాగితం మీదికి వస్తుంది. అది అతికించగానే వాహనం దేశంలో ప్రవేశించినట్లు. శుక్రవారం పొద్దున ఎనిమిదికి ముహూర్తం పెట్టారు.

శుక్రవారం వాన. త్రివిక్రమరావు గొడుగుతో ఎనిమిదింపావుకు వచ్చాడు. మెకానిక్ దస్తగిరిని పిలిపించాం. గంగిరెడ్డిని వసారాలో దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. వాగు రోడ్డెక్కి బస్సు రావడం లేదని కబురొచ్చింది. ఆటోలు కూడా వాగు అవతలే ఆగిపోయాయి.

“ముద్ర పడినాక బండి తీయచ్చునా సార్?” అని రెడ్డెమ్మ అడిగింది.

“నిరభ్యంతరముగా,” అన్నాడు త్రివిక్రమరావు.

దస్తగిరి తాడు దాటి బానెట్టు ఎత్తాడు. “నంబరు పలక ఈడనే ఉండల్ల, ఇంజను ఎనకాల రేకు మీద. రంగు కింద కప్పడిపోయినాది.”

“ఇన్నేళ్ళూ బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు ఎట్లా చూశారు?” అన్నాను.

“సీ బుక్కులో నంబరు చూసి సీ బుక్కుతో సరిపెట్టేటోళ్ళు సార్. రంగు గీకల్లంటే రెడ్డెమ్మ వాళ్ళ మామ ఒప్పుకునేటోడు కాదు. యుద్ధం జీపుకు యుద్ధం రంగు ఉండల్లని, ఏటా ఆయుధపూజకు ఒక పూత మిలిటరీ పచ్చ ఏయించేటోడు.”

దస్తగిరి ఉలి పెట్టి గీకాడు. పచ్చరంగు పెచ్చులు పెచ్చులుగా, చెట్టు బెరడంత మందాన ఊడిపడింది. నలభై, యాభై ఆయుధపూజల కింద అరచేతి వెడల్పు ఇత్తడి పలక బయటపడింది. అతను తన లుంగీ కొసతో దాన్ని తుడిచి, వెనక్కి తిరిగి మా వైపు చూశాడు.

“సార్, మీరొచ్చి సదవండి. నేను సదివితే నమ్మరు.”

చదివాను. గట్టిగా చదివాను. వసారాలోంచి గంగిరెడ్డి ఊపిరి అందకపోయినా నవ్వాడు. “బొంబాయా! ఓరి నీ పాసుగాల. సొట్ట కూడా జపానోడిది కాదే మే రెడ్డెమ్మా. ఏ బొంబాయి ఆవు పొడిచిందో.”

రెడ్డెమ్మ త్రివిక్రమరావు వైపు తిరిగింది. “ఈడ చేసిన బండే సార్. ఇంగ దిగుమతి ఎందుకు? తాడు ఇప్పండి.”

త్రివిక్రమరావు పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు. ముఖంలో నిజమైన బాధ ఉంది.

“అమ్మా, తొందరపడవద్దు. ఇప్పుడు విషయము మరింత జటిలమైనది. ఇది బొంబాయిలో తయారైన వాహనము. ప్రస్తుతము ఇది దేశమునకు వెలుపల, రేవునందు ఉన్నది. ఈ రెండును ప్రభుత్వ రికార్డులే. అనగా మధ్యలో ఎప్పుడో ఇది మన దేశము నుండి ఎగుమతి అయి ఉండవలెను. ఎగుమతి అనుమతి పత్రము ఏది?”

వాన షెడ్డు రేకుల మీద మోగుతోంది. ఎనిమిదీ నలభై. వాగు దాటి పెద్దాసుపత్రి చేరడానికి రెండు గంటలు పడుతుంది.

రెడ్డెమ్మ కొంగు బిగించింది. గొంతు పెంచలేదు. “ఒక మాట చెప్పు సార్. ఈ బండి ఇప్పుడు మన దేశంలో ఉండాదా?”

“లేదు.”

“బర్మాలో ఉండాదా?”

“పలక ప్రకారము అదియును చెప్పలేము.”

“అంటే యా దేశంలోనూ లేదు.”

త్రివిక్రమరావు ఆలోచించాడు. ఆయన నిజాయితీపరుడు. “సాంకేతికముగా, లేదు.”

“యా దేశంలోనూ లేని బండిని నడిపితే యా దేశపు చట్టం నన్ను పట్టుకుంటాది?”

ఆయన ఫైలు తెరిచి నియమం వెతకసాగాడు. ఈలోగా దస్తగిరీ నేనూ గంగిరెడ్డిని దిండ్లతో సహా ఎత్తి వెనక సీటులో కూర్చోబెట్టాం. రెడ్డెమ్మ దుప్పటి మడత సర్దుకుని కుడివైపు కూర్చుంది. ఎన్నో వారాలుగా కదలని ఇంజను మూడోసారికి అందుకుంది. ఆమె ముందు చక్రాలకు కూడా గేరు వేసింది. పసుపు తాడు బంపరుకు తగిలి తెగిపోయింది. ఒక్క కేక వేసి, ఆమె వాగు వైపు తిప్పింది.

కదిరప్ప ఆటుపోట్ల పుస్తకం చంకలో పెట్టుకుని పరుగున వచ్చాడు. “సార్, బండి ఎల్లిపోయ! బుక్కులో ఏం రాయల్ల సార్?”

త్రివిక్రమరావు తెగిన తాడు కొసను చేతిలోకి తీసుకున్నాడు. పోలీసులకు కబురు పంపుతాడనుకున్నాను. కాని దేశంలో లేని వాహనం కోసం దేశపు పోలీసులను పంపడం ఎలాగో ఆయనకు తోచలేదు. ఆయన ముఖం నెమ్మదిగా తేటపడింది.

“రాయుము,” అన్నాడు. “‘పోటు గలదు. నౌక రేవు విడిచి వెళ్ళినది.’ ఇక ఫైలు ముగిసినది.”

ఆ రోజు వాగులో నీళ్ళు జీపు నేలరేకు దాకా వచ్చాయట. పదకొండుకు పది నిమిషాల ముందు పెద్దాసుపత్రి వాకిట్లో ఆగింది. గంగిరెడ్డి వంతు తప్పలేదు.

అది జరిగి రెండేళ్ళయింది. ప్రభుత్వ రికార్డుల ప్రకారం రెడ్డెమ్మ జీపు నాటి నుంచి సముద్రం మీద ఉంది. ఆమె దాన్ని రోజూ పైకనుమకు నడుపుతోంది. బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఎదురైతే గౌరవంగా పక్కకు చూస్తాడు. తన పరిధిలో లేని బండిని ఆపి ఇరుక్కోవడం ఎందుకని. రెండు ఖాళీల విచారణ ఇంకా సాగుతోంది. ఎర్రకనుమ పరిగణిత రేవు కూడా కొనసాగుతోంది. కదిరప్పకు ఉద్యోగం ఖాయమైంది. క్లచ్చు ప్లేటు మాత్రం దస్తగిరే వేరే ఊరి తుక్కు దుకాణంలో వెతికి తెచ్చాడు.

నేను మిత్రమండలి సమావేశంలో జరిగినదంతా చెప్పి, నా తప్పు ఒప్పుకున్నాను. వచ్చిన ముగ్గురూ శ్రద్ధగా విన్నారు. బయటికి వచ్చాక వారిలో ఒకరు టీ అంగడి దగ్గర చెబుతుండగా నా చెవిన పడింది: ఆ జీపు బర్మాలో పోరాడటమే కాదు, ఓడ మీద వచ్చి మన రేవులోనే దిగిందట, అందుకే ప్రభుత్వం ఇక్కడ బోర్డు పెట్టిందట.

కనుక పలక మీద ఉన్నది ఉన్నట్లు రాస్తున్నాను. తయారీ స్థలం, బొంబాయి. సంవత్సరం, 1959.

రెండో ప్రపంచయుద్ధం 1945లో ముగిసింది.